చదివాను, అర్థమైంది

ఆవిడ పోయిన సంగతి నాకు రైల్లో తెలిసింది. సంగ్రహాలయం వాళ్ళు వాలంటీర్లందరికీ కలిపి పంపిన ఇంగ్లీషు మెయిలు. నాలుగే వాక్యాలు. చాలాకాలంగా మనకు సాయం చేస్తున్న ఫలానా ఆవిడ ఆదివారం కన్నుమూశారు, అంత్యక్రియలు కుటుంబం వరకే, పూలు పంపవద్దు, మంగళవారం స్కానింగ్ గది మామూలుగానే తెరిచి ఉంటుంది.

అది మంగళవారమే. ఫ్రీమాంట్‌లో ఎక్కి అప్పటికి కొంత సేపైంది. కిటికీ బయట నీళ్ళు నిలిచిన ఉప్పు మడులు, వాటి మీద తెల్ల కొంగలు. ఎదురు సీటాయన లాప్‌టాప్ మూత మీద చేతులు పెట్టుకుని నిద్రపోతున్నాడు. నాకు ఏడుపు రాలేదు. భుజానికి ఉన్న బ్యాగులో ఎవరో ఇంకో పుస్తకం పడేసినట్టు బరువుగా మాత్రం అనిపించింది. కాసేపటికి, ఏం చెయ్యాలో తెలియక, అలవాటుగా ఫోన్లో చదువుతున్న నవల తెరిచాను. నిన్న సాయంత్రం ఎక్కడ ఆపానో సరిగ్గా ఆ పేరా దగ్గరే తెరుచుకుంది. చదవలేక మూసేశాను.

ఆ సంగ్రహాలయంలో నాది జీతం లేని పని. స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువైపోయినా ఉద్యోగం దొరకని మాలాంటి వాళ్ళు అమెరికాలో ఖాళీగా ఉండటానికి లేదు. ఖాళీ రోజులు తొంభై దాటితే సామాను సర్దుకోవాల్సిందే. చదువుకి సంబంధం ఉన్న చోట వారానికి ఇరవై గంటలు వాలంటీరుగా చేస్తే ఆ రోజులు పెరగకుండా ఆగుతాయి. నేను ఎక్కువ మాట్లాడక్కర్లేని చోటు వెతుక్కున్నాను. పాత కంప్యూటర్ల కాగితాలు దాచే చిన్న సంగ్రహాలయం అది. అట్టపెట్టెల్లోంచి నోటు పుస్తకాలు తీసి ఒక్కో పేజీ స్కానర్ మీద పెట్టడం, ఆ పేజీలో ఏముందో రెండు వాక్యాలు రాయడం నా పని. పొద్దున్న అప్లికేషన్లు పంపడం, తర్వాత రైలు, బస్సు, స్కానరు, మళ్ళీ బస్సు, రైలు. ఆరు నెలలుగా ఇదే.

ఆ నోటు పుస్తకాలు ఒక పరిశోధనశాలవి. డెబ్బైల్లో, ఆఫీసు యంత్రాలు అమ్ముకునే ఒక పెద్ద కంపెనీ కొంతమంది తెలివైన కుర్రాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి, రేపటి ఆఫీసు ఎలా ఉంటుందో కనిపెట్టమంది. వాళ్ళు కనిపెట్టారు. మనిషికొక కంప్యూటరు, తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, చేత్తో బల్ల మీద జరిపే చిన్న పెట్టె. ఇవాళ మనం ఆలోచించకుండా చేసే పనులు చాలా అక్కడ రూపు దిద్దుకున్నాయి. వాటితో ఏం చెయ్యాలో కంపెనీకి తెలియలేదు. వేరేవాళ్ళు చేసి అమ్ముకున్నారు. 'బిడ్డ పుట్టింది గాని బారసాల చెయ్యడం మర్చిపోయారు' అనేవారు ఆవిడ. దీని గురించి పుస్తకాలున్నాయి. వాటిలో ఆవిడ పేరు లేదు. ఆవిడ అక్కడ టైపిస్టు.

మంగళ, గురువారాలు వచ్చేవారు. ఆ ఇంజనీర్ల చేతిరాతలు చదవగలిగినవాళ్ళు వేరే ఎవరూ మిగల్లేదు కాబట్టి సంగ్రహాలయం వాళ్ళు ఆవిడని బతిమాలి పిలిపించుకున్నారు. కత్తిరించిన తెల్ల జుట్టు, బూడిద రంగు స్వెట్టరు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. తెలుగావిడేమో అని మొదటి రోజే అనుమానం వచ్చినా నేను అడగలేదు. అడిగితే ఏ ఊరు, ఏ కాలేజీ, జాబ్ వచ్చిందా అన్న వరస మొదలవుతుందని భయం. ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని రెండు వారాలు ఇంగ్లీషులో గుడ్ మార్నింగులు చెప్పుకున్నాం. ఒకరోజు స్కానర్ మూత వేలి మీద పడి "అబ్బా" అన్నాను.

ఆవిడ తలెత్తకుండానే అన్నారు. "రెండు వారాలు ఎలా బిగబట్టుకు కూచున్నావే పిల్లా? గుజరాతీ అమ్మాయివనుకుని నేను ఒకటే మర్యాదలు చేస్తున్నా."

సారీ ఆంటీ అన్నాను. డెబ్బై ఆరేళ్ళ మనిషిని ఆంటీ అంటే బాగుండదనీ, మామ్మ అనమనీ అన్నారు. ఇంట్లో మనవడు గ్రాండ్‌మా అంటే అదెవరో వెనక నిలబడిందేమో అని తిరిగి చూస్తారట.

ఆవిడ వేళ్ళ గురించి చెప్పాలి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అవి బల్ల మీద కదులుతుండేవి. మొదట్లో వణుకేమో అనుకున్నాను. కాదు, వాళ్ళ మాటలు టైపు చేస్తున్నారు. రాజమండ్రిలో పదిహేడో ఏట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి లోయరు, హయ్యరు రెండూ ఫస్టు క్లాసులో పాసయ్యారట. అప్పట్నుంచీ చెవిన పడ్డ ఇంగ్లీషంతా వేళ్ళలోకి దిగిపోతుందట. తెలుగు మాట్లాడితే మాత్రం వేళ్ళు కదిలేవి కావు. నేర్చుకున్న మిషను మీద తెలుగు అక్షరాలు లేవు కదా అనేవారు. ఇక తను చెప్పదలుచుకున్నది చెప్పేశాక ఎడం చెయ్యి గాల్లోకి లేచి, లేని మీటని, టైపు మిషను మీద లైను మార్చే మీటని, కుడివైపుకి తోసేది. లైను అయిపోయిందన్నమాట. ఆ తర్వాత ఆ విషయం మీద ఏం అడిగినా జవాబు రాదు.

పదకొండు కొట్టేసరికి పెరుగు డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తీసి, మూతలో నాకు సగం పెట్టేవారు. వద్దంటే వినేవారు కాదు. "మీ ఖమ్మంలో తినరా?" అనేవారు, అదేదో వేరే దేశమైనట్టు. నేను భోజనాల దగ్గర డైరీ రాసుకునేదాన్ని. ఎనిమిదో తరగతి నుంచీ ఉన్న అలవాటు, ఎవరికీ చూపించను. ఏం రాస్తున్నావని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు మాత్రం నేను రాయడం ఆపాక, పేజీలో మిగిలిన ఖాళీని వేలితో చూపించి గీత కొట్టమన్నారు.

"ఎందుకండీ?"

"లేకపోతే రేపు నువ్వే వచ్చి అందులో ఇంకోటి ఇరికిస్తావు. నాకు తెలుసు."

ఆ గీత పరిశోధనశాల అలవాటు. అక్కడ ప్రతి ఇంజనీరుకీ గట్టి అట్ట నోటు పుస్తకం ఇచ్చేవారు. పేజీ చింపకూడదు. సిరాతోనే రాయాలి. ఏ ఆలోచన వచ్చినా ఆ రోజే తారీఖు వేసి రాసి, మిగిలిన ఖాళీలో తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా మూల నుంచి మూలకి గీత కొట్టాలి. అడుగున ఇంకో మనిషి 'చదివాను, అర్థమైంది' అన్న మాట కింద సంతకం పెట్టాలి. ఈ ఆలోచన ముందు ఎవరికి వచ్చిందని రేపు కోర్టులో తగువొస్తే ఆ సంతకమే సాక్ష్యం. మధ్యాహ్నం టీ వేళకి ఇంజనీర్లు పుస్తకాలు పట్టుకుని నడవాలోకి వచ్చి, ఎదురైన వాళ్ళ చేత సంతకం పెట్టించుకునేవారట. ఎక్కువసార్లు దొరికేది ఆవిడే. ఆవిడ బల్ల నడవా మలుపులో ఉండేది. పెళ్ళయి వచ్చిన రెండో ఏడు, చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్ళే రోజులు. అక్కడ కుర్చీల బదులు గింజలు నింపిన మెత్తటి సంచులుండేవి. మొదటి మీటింగులో చీరతో అందులో కూర్చుని లేవలేకపోతే ఇద్దరు పీహెచ్‌డీలు చెరో చెయ్యి పట్టుకుని లేపారట. తర్వాత ఎప్పుడూ నిలబడే నోట్సు రాసుకున్నారట. అలాంటి చోట అంత చదువుకున్నవాళ్ళు తన సంతకం కోసం వచ్చి నిలబడితే ఎంత గొప్పగా ఉండేదో చెప్పేవారు.

ఇంగ్లీషులో అది 'రెడ్ అండ్ అండర్‌స్టుడ్'. ఆ మాట ఆవిడకి ఊతపదమైపోయింది. డాక్టరు బీపీ గురించి చెప్పినా, మా సూపర్‌వైజరు కొత్త నియమం ఏదైనా చదివి వినిపించినా అదే అనేవారు. అంటే వినలేదని అర్థం.

ఒక పెట్టె మాత్రం ఆవిడ ముట్టుకునేవారు కాదు. నా బల్ల కిందకి కాలితో తోసేసి, అది తను రాని రోజు చెయ్యమన్నారు. ఎందుకో నాలుగో నెలలో గాని చెప్పలేదు. చెప్పిన రోజు పులిహోర తినడం మర్చిపోయారు.

ఇంజనీర్లు అక్షరాలు దిద్దుకునే ప్రోగ్రాం ఒకటి తయారుచేశారు. దాన్ని పరీక్షించడానికి కంప్యూటరు ఏమీ తెలియని, టైపింగు అంతా తెలిసిన మనిషి కావాలి. ఆవిడని కూర్చోబెట్టారు. చెప్పులేసుకుని ఆఫీసుకొచ్చే పొడుగాటి ఇంజనీరు ఒకాయన పక్కన కూర్చుని, టేప్ రికార్డరు పెట్టి, పని చేస్తున్నంతసేపూ మనసులో ఏమనుకుంటే అది పైకి అనమన్నాడు. "మనసులో అనుకున్నది పైకి అనడం ఏవిటి చెప్పు," అన్నారు మామ్మగారు, "అదీ పరాయి మగాడి ముందు."

పెద్ద రిపోర్టు. నిన్న సాయంత్రం నలభయ్యో పేజీలో ఆపి వెళ్తే, పొద్దున్న మళ్ళీ మొదటి పేజీలో తెరుచుకునేది. నలభై పేజీలు జరుపుకుంటూ వెతుక్కోవాలి. పాత టైపు మిషను మీదైతే కాగితం ఎక్కడ ఆపితే అక్కడే రోలరుకి పట్టుకుని ఉంటుంది. ఇంత తెలివైన యంత్రానికి ఆపాటి జ్ఞాపకం లేదా, ఎక్కడ ఆపానో అక్కడే తెరుచుకోకూడదా అని ఆవిడ అన్నారట. ఆయన తలూపాడట. నాలుగు రోజుల తర్వాత టీ వేళ నోటు పుస్తకం తెచ్చి, అడుగున సంతకం పెట్టమన్నాడు. పెట్టారు. నెల తిరిగేసరికి ఒక రిపోర్టు టైపు చేస్తుంటే అందులో ఉంది: మూసిన కాగితం మళ్ళీ తెరిస్తే ఆపిన చోటే తెరుచుకోవాలి అన్న ఆలోచన, దాని పక్కన ఆ పొడుగాయన పేరొక్కటే. ఆ తర్వాతి వారం లాయర్ల దగ్గర్నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. సాక్షి సంతకం పెట్టే మనిషికి ఆ ఆలోచనలో ఏ భాగమూ ఉండకూడదు. అది టైపు చేసి అందరికీ పంచిందీ ఆవిడే.

"టైపు చేసేటప్పుడు చదవం, అమ్మాయ్. అక్షరాలు వెళ్తాయంతే. ఆ రోజు మాత్రం చెయ్యి ఆగింది."

మరి ఆయన్ని అడగలేదా అన్నాను.

"ఏమని అడగను? చదివాను, అర్థమైంది అని నేనే పెట్టానుగా."

ఇంకో ఆరేళ్ళు అక్కడే పనిచేశారు. కొడుకు పుడితే ఆ పొడుగాయన ఉన్ని టోపీ తెచ్చాడట. తీసుకున్నారు, తొడగలేదు. ఆయనతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఆ ఆలోచన కంపెనీకి కూడా ఎందుకూ పనికిరాలేదు, అన్నిటితో పాటు పెట్టెల్లో పడింది. ఇంట్లో చెబితే కొడుకు పెద్దయ్యాక పార్టీల్లో మా అమ్మే కంప్యూటర్ కనిపెట్టిందని జోకు వేసేవాడు. అందరూ నవ్వేవారు, చెప్పడం మానేశారు. కొన్నేళ్ళ కిందట ఆ పొడుగాయన పోతే పాతవాళ్ళంతా ఒక పార్కులో చేరి ఆయన గురించి మాట్లాడుకున్నారు. ఈవిడకీ పిలుపొచ్చింది. మోకాలు నొప్పి అని చెప్పి వెళ్ళలేదు.

ఇదంతా చెప్పి ఎడం చెయ్యి ఎత్తారు. కానీ మీట తొయ్యలేదు. చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"యాభై ఏళ్ళయింది. నేను నిజంగా చెప్పానో, తర్వాత చెప్పాననుకున్నానో ఇప్పుడు నాకే తెలీడం లేదు. అదే నా బాధ. వస్తువు పోయిందో లేదో తెలీకుండా ఒక మనిషిని దొంగని చేసి కూచున్నా."

ఆ పెట్టె నేను ఒక బుధవారం స్కాన్ చేశాను. ఆ పేజీ దొరికింది. పైన తారీఖు, మధ్యలో తెర బొమ్మ, దాని కింద ఆలోచన నాలుగు లైన్లు. బొమ్మకి పైన ఇరుకు అక్షరాల్లో ఇంకో మూడు లైన్లున్నాయి. టైపిస్టు టీకి వెళ్ళేముందు పక్కనున్న కాగితం అంచున పెన్సిల్‌తో చిన్న టిక్కు పెడుతుంది, తిరిగొచ్చాక మొదట వెతికేది ఆ టిక్కునే, మన తెర మీద ఆమెకి అలాంటి టిక్కు లేదు. ఆమె చెప్పిందని ఎక్కడా లేదు. పేరు కూడా లేదు. అడుగున గుండ్రటి అక్షరాలతో, బడిలో కాపీ పుస్తకంలో రాసినట్టు, ఆవిడ సంతకం. నేను ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అని. డైరీలో రాసుకుని గీత కొట్టాను.

ఆ తర్వాత టేపులు వచ్చాయి. పాతబడిపోయిన రీళ్ళని బయట ఎవరికో ఇచ్చి ఫైళ్ళుగా మార్పించారు. మాటలన్నీ సాఫ్ట్‌వేరే కాగితం మీదకి ఎక్కించింది. ఇంగ్లీషు కానిది ఎక్కడ వచ్చినా 'అర్థం కాని మాటలు' అని రాసి వదిలేసింది. అలా వదిలెయ్యడమే మా నియమం కూడా. పేర్లూ తారీఖులూ సరిపోయాయో లేదో చూడటం నా వంతు. ఆ నోటు పుస్తకం పేజీకి నాలుగు రోజుల ముందు తారీఖున్న టేపులో 'అర్థం కాని మాటలు' అని వరసగా కనిపించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

కీబోర్డు చప్పుడు. మధ్యమధ్యలో నెమ్మదైన ఒక మగ గొంతు, పెద్దగా చెప్పండి, ఏమనుకుంటే అదే చెప్పండి అంటోంది. తర్వాత ఒక అమ్మాయి గొంతు, నాకంటే చిన్నదేమో అనిపించేంత సన్నగా, ఇంగ్లీషులో ఒక్కో ముక్కా పేర్చుకుంటూ: ఇప్పుడు కిందకి వెళ్తున్నాను, ఇప్పుడు ఈ మాట తీసేస్తున్నాను. కాసేపటికి ఆ గొంతే, ఊపిరి వదిలినంత మెల్లగా, తెలుగులోకి జారిపోయింది. టీ ఎప్పుడిస్తారో. ఈయన ఆ చెప్పులు విప్పకుండా ఉంటే పుణ్యముంటుంది. నేను గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత వచ్చింది.

"మళ్ళీ మొదటికొచ్చింది, దిక్కుమాలింది. నిన్న ఎక్కడ ఆపానో అక్కడే తెరుచుకోకూడదూ?"

మగ గొంతు వెంటనే అడిగింది, ఏమన్నారు అని. కీబోర్డు ఆగింది.

"నథింగ్," అంది ఆ అమ్మాయి. "నథింగ్, సారీ."

మళ్ళీ కీబోర్డు.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. ఇక్కడ వారం వారం మీటింగు చివర సూపర్‌వైజరు ఇంకేమైనా ఉందా అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. నా వంతు వచ్చినప్పుడు నేను అనేది కూడా ఆ మాటే. గొంతు కూడా దాదాపు అంతే.

గురువారం ఆవిడ రాగానే చెప్పేద్దామనుకుని, పదకొండు దాకా చెప్పలేకపోయాను. పులిహోర మూతలో పెడుతుంటే, మీ గొంతు వింటారా మామ్మగారూ అన్నాను. హెడ్‌ఫోన్లు జుట్టు మీదుగా సర్ది పెట్టాను. నేను స్పీకరు పెట్టలేదు, ఫైల్లో నిమిషాలు కదలడం చూస్తూ ఎక్కడున్నారో తెలుసుకుంటున్నాను. ఇంగ్లీషు వస్తున్నంతసేపూ వేళ్ళు బల్ల మీద చకచకా కదిలాయి. చెప్పుల దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అమ్మో ఇలా అన్నానా అన్నారు. ఆ చెయ్యి మళ్ళీ బల్ల మీదకి వచ్చినా వేళ్ళు కదల్లేదు. ఇంకా తెలుగే వస్తోందన్నమాట. చివర్న నథింగ్ దగ్గర మళ్ళీ కదిలాయి. ఇంగ్లీషులో ఏడక్షరాలు.

మళ్ళీ పెట్టమన్నారు. మూడుసార్లు విన్నారు.

"చెప్పలేదన్నమాట," అన్నారు.

"చెప్పారు కదండీ. మీరే అన్నారు, వినిపిస్తోందిగా."

"ఆయనకేం తెలుసమ్మా తెలుగు. పాపం, అడిగాడు కూడా. అడిగితే ఏం లేదన్నాను."

 హెడ్‌ఫోన్ల తీగ చుట్టి విప్పి మళ్ళీ చుట్టాను. ఆవిడ కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నారు.

"ఆ పార్కు రోజున నాకు మోకాలు నొప్పి లేదమ్మాయ్."

ఆ పెట్టె పైకి పెట్టమన్నారు. పుస్తకం తీసి పేజీ తెరిచి ముందు పెట్టాను. వేలు పెట్టుకుని, పై తారీఖు నుంచి మొదలుపెట్టి, ఒక్కో మాటా చదివారు. ఇరుకు అక్షరాల మూడు లైన్ల దగ్గర వేలు ఆగింది.

"పెన్సిలు టిక్కు చూశాడన్నమాట. నేను పెడతానని నాకే గుర్తులేదు."

"సంతకం పెట్టినప్పుడు ఇది చదవలేదా మీరు?"

"ఎక్కడ చదివాను? టీ చల్లారిపోతోందని పెట్టేశా." తన సంతకాన్ని వేలితో ఒకసారి తడిమారు. "ఇప్పుడు చదివాను."

ఎడం చెయ్యి లేచింది, మీట కుడివైపుకి జరిగింది.

సాయంత్రం కొడుకు కారు కోసం గుమ్మం దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండా అన్నారు. "మొన్న మీటింగులో ఏదో చెప్పబోయి మింగేశావు. చూశాలే." అంతలో కారు వచ్చింది.

తర్వాత రెండు వారాలు మామూలుగానే వచ్చారు. టేపు మాట ఎత్తలేదు. ఆ పొడుగాయన మిగతా పుస్తకాలు తనే తీసి, ఆయన ఇరుకు అక్షరాలు నాకు చదివిపెట్టారు. ఒకచోట ఆగి, రాత ఘోరం గాని మనిషి మంచివాడే అన్నారు. మూడో వారం ఆయాసంగా ఉందని రాలేదు. నేను ఫోన్ చేద్దామని నంబరు తీసి, ఎవరెత్తుతారో ఏం మాట్లాడాలో అని పెట్టేశాను. ఆ తర్వాత ఈ మెయిలు.

రైలు దిగి, బస్సెక్కి, మీటింగు మొదలయ్యే వేళకి చేరాను. ఆవిడ కుర్చీలో ఎవరో కోటు వేశారు. సూపర్‌వైజరు ఆవిడ గురించి రెండు మంచి మాటలు చెప్పాడు, నిజంగానే బాధపడుతూ చెప్పాడు. తర్వాత పనులు చదివాడు. టేపులు శుక్రవారం అందరూ చూసేలా ఇంటర్నెట్లో పెడుతున్నాం, ఆ తర్వాత వాటి మాటలెక్కించిన కాగితాలు మార్చేది లేదు. చివర్న అలవాటుగా ఇంకేమైనా ఉందా అని అడుగుతూ నా దగ్గరికి వచ్చాడు. పక్కవాళ్ళు అప్పటికే లాప్‌టాపులు మూస్తున్నారు. నోటి చివర ఆ పాత మాట సిద్ధంగా ఉంది.

ఉంది అన్నాను. ఎవరికీ వినపడలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. టేపుల్లో అర్థం కాని మాటలని రాసి ఉన్నవి అర్థం కాని మాటలు కావని, అవి తెలుగని, నాకు అర్థమవుతాయని చెప్పాను. ఆ మాటల్లో ఒకటి ఒక నోటు పుస్తకం పేజీ కంటే నాలుగు రోజుల ముందుదని కూడా చెప్పాను. ఇంత పెద్ద వాక్యం ఆ గదిలో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన కోపగించలేదు. ఇబ్బంది ఒక్కటే అన్నాడు. ఏది చేర్చినా ఇంకొకరు సరిచూడాలి, ఆ భాష వచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరున్నారు? ఇప్పుడెవరూ లేరన్నాను. ఆయన ఆ కుర్చీ మీద కోటు వైపు చూశాడు. అయితే నీ పేరు కింద రాయి అన్నాడు. ఎవరు విన్నారో తెలియాలి.

మధ్యాహ్నం దాకా కూర్చుని రాశాను. ఆవిడ మాటలు తెలుగు అక్షరాల్లోనే పెట్టి, కింద ఇంగ్లీషులో అర్థం రాశాను. టీ మాటా, చెప్పుల మాటా వదల్లేదు. ఆ ఒక్క వాక్యం దగ్గర నోటు పుస్తకం పేజీ నంబరు ఇచ్చాను. దాని తర్వాత ఆయన ప్రశ్న, ఆవిడ నథింగ్, ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. అన్నిటికీ అడుగున, కాగితంలో అలాంటి గడి లేకపోయినా, ఒక లైను చేర్చాను. విన్నాను, అర్థమైంది. పక్కన నా పేరు, ఇవాళ్టి తారీఖు.

మిగిలిన ఖాళీకి గీత కొట్టే వీలు ఆ ఫైల్లో లేదు. మూసేసి, తప్పులేమైనా ఉన్నాయేమో చూద్దామని మళ్ళీ తెరిచాను. పై పేజీల్లోకి వెళ్ళలేదు. నేను ఆపిన చోటే తెరుచుకుంది.